ఓవర్ అన్న మాట

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు బడి నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఒకే ఒక్క చిన్న మాటకు ఉన్న అర్థాలన్నీ రాసుకుని రమ్మందట వాళ్ళ టీచరు. పుస్తకంలో గోడ దూకుతున్న పిల్లి బొమ్మ ఉంది. బొమ్మ కింద ఆ మాట ఉంది. ఓవర్. ఇంత చిన్న మాటకు ఇన్ని అర్థాలు ఎందుకు అవ్వా, ఒకటి ఉంటే సరిపోదా అని అడిగింది. నా కుడిచెయ్యి దానంతట అదే పోయి ఎడమచేతి గాజులను పట్టుకుంది. ఇన్నేళ్ళయినా ఆ మాట చెవిన పడితే నా చెయ్యి చేసే పని అదే. టీవీలో క్రికెట్ చూస్తూ మా వాళ్ళు ఓవర్ అయిపోయిందంటే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. నాకు క్రికెట్ అంటే గిట్టదని అందరూ అనుకుంటారు. అనుకోనీ.

మా ఇల్లు ఆదోనిలో, పత్తి దుకాణాల వీధిలో. పత్తి సీజను మొదలయిందంటే దూది తునకలు గాలిలోనే ఉండేవి. జడలో దూది, చారులో దూది, దేవుడి పటం మీద దూది. గాలి మళ్ళితే నూనె మిల్లుల వైపు నుంచి శెనగపిండి వాసన వచ్చేది, పిండి అంటే గానుగ ఆడగా మిగిలిన చెక్క. ఆ వాసనకు మాకు ఆకలి పుట్టేది. జేజి, అంటే మా నాన్న వాళ్ళమ్మ, గిన్నెడు బొరుగుల ఉగ్గాని చేసి పెడితే రెండు నిమిషాల్లో ఖాళీ చేసి మళ్ళీ వీధిలో పడేవాళ్ళం.

దుకాణం ఇంటి ముందు భాగంలోనే. అందులో నల్లటి ఫోను ఒకటి ఉండేది. చుట్టుపక్కల అన్ని ఇళ్ళకూ అదే దిక్కు. బొంబాయి నుంచి పత్తి ధర అందులోనే వచ్చేది కాబట్టి జేజి దానికి శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమ పెట్టేది. పెట్టొద్దమ్మా అని చిన్నాయన మొత్తుకునేవాడు. ఎందుకంటే ఫోను ఎత్తి మాట్లాడిన పెద్దమనుషులందరూ చెవికి కుంకుమతో వెళ్ళేవాళ్ళు. మేము పిల్లలం ఎవరూ లేనప్పుడు ఫోను ఎత్తి, అవతల ఎక్స్ఛేంజీ ఆమె నంబర్ ప్లీజ్ అనగానే, పెట్టేసి పరుగెత్తేవాళ్ళం. ఎవరో ఒక ఆడమనిషి మా మాట కోసం ఆ తీగ చివర ఎప్పుడూ కూర్చుని ఉంటుందన్నది నాకు ఎంతో వింతగా ఉండేది.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. బళ్ళారి కాలేజీలో ఒక ఏడాది చదివి, రెండో ఏడాది చదవకుండా వచ్చేశాడు. ఆ ఒక్క ఏడాది ఇంగ్లీషునే వీధి మొత్తానికీ పంచేవాడు. రైలు పార్సిళ్ళ మీద రాతలు ఆయనే చదవాలి, మిషను కంపెనీ వాళ్ళు వస్తే ఆయనే మాట్లాడాలి. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి మాటలు నేర్పేవాడు. సరిగా చెప్తే పిప్పరమెంటు, తప్పితే మొట్టికాయ. ఆయన సిద్ధాంతం ఒకటే. ఒక ఇంగ్లీషు మాటకు ఒకే తెలుగు మాట, తాళానికి తాళంచెవి ఉన్నట్టు. ఓవర్ అంటే అయిపోవడం అని నాకు నేర్పింది ఆయనే. కాలేజీ మైదానంలో మొదటిసారి క్రికెట్ చూస్తున్నప్పుడు అంపైరు ఓవర్ అని అరిచాడట, ఆడేవాళ్ళందరూ కదిలారట, ఆట అయిపోయిందనుకుని చిన్నాయన హాస్టలుకు వెళ్ళి భోంచేసి పడుకున్నాడట. ఆయన ఈ సంగతి చెప్పుకుని తానే నవ్వేవాడు. నవ్వేవాడే కానీ అర్థం మాత్రం మార్చుకోలేదు.

మా అత్తను, అంటే నాన్న చెల్లెల్ని, ఎమ్మిగనూరులో ఇచ్చారు. చిన్నాయనకు ఆమె అక్క. మామ నేతగాళ్ళకు నూలు అమ్మి వాళ్ళ దగ్గర గుడ్డ కొనేవాడు. ఎండాకాలం సెలవులన్నీ నావి అక్కడే. ఆ వీధిలోకి అడుగు పెట్టగానే గంజి వాసన కొట్టేది. రంగు అద్దిన నూలు వాకిళ్ళలో ఆరేసి ఉండేది, దాని కింద దూరిపోతే ముఖం మీద ఎరుపూ పచ్చా పడేవి. తెల్లవారి నుంచి మగ్గాల చప్పుడే. అత్త చేసే జొన్నరొట్టె పల్చగా చేతిలో మడత పడేది, దాని మీద ఊరుబిండి పచ్చడి, పక్కన పచ్చి ఎర్రగడ్డ. పండగ కాకపోయినా నేను వచ్చానని ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసేది.

అత్త చేతులకు మోచేతికి కాస్త కిందిదాకా పచ్చగాజులు ఉండేవి. ఆమె ఇంట్లో ఎక్కడుందో గాజుల చప్పుడే చెప్పేది. పెరట్లో అంట్లు తోముతున్నదా, రోట్లో రుబ్బుతున్నదా, మామకు వడ్డిస్తున్నదా, నేను కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. మధ్యాహ్నం ఆమె పడుకుంటే సబ్బు రాసి గాజులు ఒక్కొక్కటే లాగి నా చేతికి ఎక్కించుకునేదాన్ని. నిద్రలోనే చెయ్యి చాపేది, తిట్టేది కాదు. ఆమెకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఆమె, మామ, మామ వాళ్ళమ్మ, ముగ్గురే. మామ వాళ్ళమ్మ చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, ఉన్న ఒక్క కొడుకునూ కళ్ళలో పెట్టుకుని పెంచింది. కోడలి మీద గొంతు లేచేది కానీ చెయ్యి లేచేది కాదు. ఇంటి తాళంచెవులు అత్త నడుముకే ఉండేవి.

ఆ ఎండాకాలం నేను ఎమ్మిగనూరు పోకముందే మామకు కడుపునొప్పి వచ్చింది. మెలికలు తిరిగిపోయాడట. హకీము మందు పని చేయలేదు. ఆదోని డాక్టరు చేత్తో నొక్కి చూసి, ఈ రోజే బళ్ళారి పెద్దాసుపత్రికి తీసుకుపోండి, కోయాల్సిందే అన్నాడు. మా నాన్న వెంటబెట్టుకుని గుంతకల్లు మీదుగా రైల్లో తీసుకుపోయాడు. మొన్న మొన్నటి దాకా మా జిల్లా కచేరీ ఉన్న బళ్ళారి అప్పుడే వేరే రాష్ట్రంలోకి పోయింది. అల్లుణ్ణి పరరాష్ట్రంలో కోస్తారా అని జేజి ఏడ్చింది. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంది. ఆపరేషను కాగానే ట్రంకాలు, అంటే దూరపు ఫోను, చేస్తానని నాన్న చెప్పి పోయాడు. అత్త అత్తగారితో ఎమ్మిగనూరులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున జేజి ఫోను పక్కన పత్తి బస్తా మీద కూర్చుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర ఉగ్గాని గిన్నెతో కూర్చున్నాను. ఫోను మోగగానే చిన్నాయన ఎత్తి, హలో అన్నా, హలో అని వీధి చివరికి వినపడేటట్టు అరిచాడు. అవతల గరగర. మధ్యలో బావకు అన్న మాట వినిపించిందట, ఆపరేషను అన్న మాట వినిపించిందట. మళ్ళీ గరగర. చిన్నాయన గట్టిగా చెప్పన్నా, ఏమీ వినపడటం లేదు అని అరుస్తూనే ఉన్నాడు. అప్పుడు ఉన్నట్టుండి గరగర ఆగి, ఒక ఆడగొంతు, జేజికీ నాకూ కూడా వినపడేంత స్పష్టంగా, ఓవర్ అంది. టక్కుమని లైను పోయింది.

చిన్నాయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు.

ఏమన్నారని జేజి అడిగింది. అన్నకు గొంతు పెగల్లేదమ్మా, మాట్లాడలేక నర్సుకు ఇచ్చినాడు, నర్సు చెప్పింది అన్నాడు. ఏం చెప్పిందిరా అంటే, అయిపోయినాడని అన్నాడు. అని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నా చేతిలో గిన్నె అట్లాగే ఉంది. మామ అయిపోవడమేమిటి? పోయిన సెలవుల్లో నన్ను భుజాన ఎక్కించుకుని ఆరేసిన నూలు మధ్య తిప్పిన మామ. నాకు ఏడుపు రాలేదు.

జేజి ఏడవడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందేమో, ఇంకొకర్ని అడగప్పా అంది. చిన్నాయన లేవలేదు. నేనే ఎదురింటికి పరుగెత్తాను. అక్కడ అరవదేశం నుంచి వచ్చి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన అయ్యవారు ఉండేవాడు. నశ్యం పీలుస్తున్నవాడు అట్లాగే డబ్బీ పట్టుకుని వచ్చాడు. ఓవర్ అంటే ఏమి సామీ అని జేజి అడిగింది. పాపం ఆయనకు ఇంట్లో జరిగింది తెలియదు. అంత పెద్దావిడ తనను ఇంగ్లీషు వ్యాకరణం అడిగినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది. పంచె సర్దుకుని అరుగు మీద నిలబడి పాఠం మొదలుపెట్టాడు. ఓవర్ అనగా పైన అన్నాడు, చెయ్యి పైకెత్తి చూపించి. పైకి పోయినాడా నాయనా అని జేజి గుండె బాదుకుంది. అయ్యవారు కంగారుపడి, అది ఒక్కటే కాదమ్మా, దాటి అని కూడా అన్నాడు. దాటిపోయినాడా అని జేజి ఇంకా గట్టిగా ఏడ్చింది. వేరే అర్థాలు కూడా ఉన్నవని ఆయన తొందర తొందరగా వెతికి, అప్పగించుటకు కూడా వాడవచ్చును అన్నాడు. ఎవరికి అప్పగించినాడు తల్లీ అంటూ జేజి నేల మీదికి వాలిపోయింది.

ఇంగ్లీషు మాట చుట్టూ ఎటు తిరిగి వచ్చినా తెలుగులో చావు దగ్గరే తేలింది. పైన అన్నా అదే, దాటి అన్నా అదే, అయిపోయింది అన్నా అదే. తన పాఠానికి ఒక ముసలావిడ తల బాదుకుని ఏడవడం చూసి అయ్యవారు కొయ్యబారిపోయాడు. విషయం తెలిసి, చిన్నాయన వైపు తిరిగి, ఏ వాక్యంలో వచ్చింది నాయనా ఆ మాట అని అడిగాడు. వాక్యము లేక ఒట్టి మాటకు అర్థము చెప్పరాదు అన్నాడు. వాక్యం ఎవరి దగ్గర ఉంది? మా దగ్గర ఉన్నదల్లా ఆ ఒక్క మాటే. బళ్ళారికి తిరిగి ఫోను చేయాలని చిన్నాయన ఎక్స్ఛేంజీని అడిగితే లైను దొరకదు, సాయంత్రం దాకా ఆగాలన్నారు. అప్పటికే వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. ఆడవాళ్ళు జేజిని పట్టుకుని ఏడుస్తున్నారు. కూతురు ఒంటరిగా ఉంది, ముందు అక్కడికి పోవాలని ఎవరో అన్నారు.

ఎమ్మిగనూరు బస్సులో జేజి కొంగు ముఖానికి కప్పుకుని కూర్చుంది. చిన్నాయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. పక్క సీటులో ఒకామె ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి నా చేతిలో పెట్టింది. ఏం చేయాలో తెలియక తిన్నాను. ఉప్పగా, వెచ్చగా ఉన్నాయి. నాకు అవి బాగున్నాయనిపించినందుకు నన్ను చూసి నేనే విస్తుపోయాను.

అత్త రోటి దగ్గర కూర్చుని పచ్చడి నూరుతోంది. గాజుల చప్పుడు వాకిట్లోకే వినపడింది. జేజిని చూడగానే లేచింది. జేజి ఆమెను కావలించుకుని ఘొల్లుమంది. మామ వాళ్ళమ్మ లోపలి నుంచి వచ్చి, అర్థమై, నిలుచున్నచోటనే కూలిపోయింది. ఒక్క అత్త మాత్రం ఏడవలేదు. జేజి చేతులు విడిపించుకుని చిన్నాయన ముందు నిలబడింది.

"ఏమన్నారప్పా ఫోన్లో? వాళ్ళు అన్న మాటే చెప్పు, నీ మాట వద్దు."

"ఓవర్ అన్నారక్కా."

"అంటే?"

"అయిపోయిందని."

"ఏమి అయిపోయింది? ఆయన పేరు చెప్పినారా?"

చిన్నాయన లేదన్నట్టు తల ఊపాడు.

"పోయినాడని తెలుగులో ఎవరన్నా అన్నారా?"

"లేదక్కా."

"అయితే నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు," అంది అత్త. అని మళ్ళీ రోటి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

మామ వాళ్ళమ్మ నేల మీద నుంచి లేచింది. ఆమె కళ్ళు ఆమె కళ్ళలా లేవు. నా కొడుకు లేని ఇంట్లో నీకు గాజులెందుకే అంటూ అత్త రెండు మణికట్లూ ఒడిసి పట్టుకుని రోటి మీద కొట్టింది. ఒక్క దెబ్బకు పచ్చగాజులన్నీ పచ్చడిలో పడ్డాయి. పదో దినం చేసేది కదమ్మా, ఇప్పుడే ఎందుకు అని ఎవరో ముసలామె అంది. ఆ మాట ఎవరికీ పట్టలేదు. మామ వాళ్ళమ్మ కొంగుతో అత్త నొసలు తుడిచేసింది. నడుము నుంచి తాళంచెవులు లాక్కుంది. అత్త మణికట్టు మీద సన్నగా నెత్తురు కారుతోంది. అత్త ఆమె వైపు చూస్తూనే ఉంది.

అంతకన్నా ఎక్కువ దిమ్మ తిరిగింది చుట్టూ ఉన్నవాళ్ళను చూసి. రోజూ పొద్దున అత్త దగ్గర మజ్జిగ పోయించుకునే పక్కింటామె నాలుగడుగులు వెనక్కి తగ్గి, కడుపుతో ఉన్న తన కోడల్ని చూడొద్దు లోపలికి పో అని తోసింది. అత్తను రోటి దగ్గర నుంచి లేపి, వెనక గదిలో మూలన కూర్చోబెట్టారు. ఇంకొకామె పచ్చడి పారబోసి రోలు కడిగింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఎవరు ఏ పని చేయాలో అందరికీ ముందే తెలిసినట్టు ఉంది. ఒక్క గంటలో మా అత్త ఆ ఇంట్లో ఎవరో అయిపోయింది.

ఇక మంగళసూత్రం మిగిలింది. ఎవరిదో చెయ్యి అత్త మెడ వైపు రాగానే అత్త సూత్రాన్ని పిడికిట్లో బిగించింది. ఇద్దరు ఆడవాళ్ళు వేళ్ళు విప్పదీయాలని చూశారు. నేను అప్పటిదాకా గోడకు అంటుకుపోయి ఉన్నదాన్ని, పోయి ఆమె పిడికిలి మీద నా రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకున్నాను. ఆ పిల్లను తీసేయండి అన్నారు. నేను కదల్లేదు. అత్త వేళ్ళు మంచులా చల్లగా ఉన్నాయి, కానీ విడవలేదు. శవం వచ్చాక చూద్దాంలే అని వాళ్ళే విసిగి ఊరుకున్నారు. బయట వెదురు బొంగులు చీలుస్తున్న చప్పుడు వినపడుతోంది. బళ్ళారి నుంచి కారు వచ్చేలోపల అన్నీ సిద్ధం కావాలి కదా.

సందె దీపాలు పెట్టే వేళకు కారు రాలేదు. ఆదోని బస్సు దిగి, నడుచుకుంటూ మా నాన్న వచ్చాడు. చేతిలో ఖాళీ టిఫిను క్యారియరు ఉంది. మామకు పత్యం బియ్యమూ, రెండు పంచెలూ తీసుకుపోవడానికి ఆదోని వస్తే ఇంటికి తాళం వేసి ఉంది, వీధిలో వాళ్ళు తనను చూసి ఏడ్చారు, ఏమీ అర్థం కాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాకిట్లో బొంగులు చూసి ముసలమ్మ పోయిందనుకున్నాడు. ముసలమ్మే ఎదురు వచ్చి నా కొడుకు యాడప్పా, కార్లో వస్తాండాడా అని అడిగింది.

"ఆసుపత్రిలో ఉన్నాడు. పొద్దున నాతో మాట్లాడినాడు, గంజి తాగినాడు," అన్నాడు నాన్న. "ఆపరేషను బాగా జరిగిందని ఫోను చేసి చెప్పినాను కదా?"

బొంగులు చీల్చేవాడు కత్తి కింద పెట్టాడు. నర్సు ఓవర్ అనింది కదా అన్నా అన్నాడు చిన్నాయన. నర్సు కాదు, ఎక్స్ఛేంజీ ఆమె అన్నాడు నాన్న. నాన్న మాట్లాడుతుంటే ఆమె మధ్యలో వచ్చి, త్రీ మినిట్స్ ఓవర్ అందట. మీ మూడు నిమిషాలు అయిపోయాయి అని. నాన్నకు మూడు మాటలూ వినపడ్డాయి. మాకు చివరి మాట ఒక్కటే అందింది.

నాన్న ఆ మాట చెప్పి, నవ్వబోయి, వెనక గది గుమ్మంలో నిలబడిన తన చెల్లెల్ని చూశాడు. చేతులు బోసి. నొసలు బోసి. ఆయన చేతిలోని క్యారియరు జారి రాళ్ళ మీద దొర్లింది.

మామ వాళ్ళమ్మ నవ్వింది, ఏడ్చింది, కొడుకు పేరు పట్టి పిలిచింది, మళ్ళీ ఏడ్చింది. వెంటనే గాజుల శెట్టిని పిలిపించమంది. మొగుడు బతికి ఉండగా ఆ చేతులు అట్లా ఉండటం ఇంటికి అరిష్టమని అందరూ హడావిడి పడ్డారు. అంతకుముందు వెనక్కి తగ్గిన పక్కింటామే కుంకుమ భరిణె పట్టుకుని ముందుకు వచ్చింది. శెట్టి వచ్చి గాజుల మలారం విప్పి పరిచాడు. పచ్చవీ ఎర్రవీ దీపం వెలుగులో మెరుస్తున్నాయి. అత్త రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. నాకొద్దు, ఆయన రానీ అంది. జేజి బతిమాలింది, నాన్న బతిమాలాడు. మామ వాళ్ళమ్మ తాళంచెవులు తెచ్చి ఒళ్ళో పెడితే అత్త వాటిని తీసి పక్కన నేల మీద పెట్టింది. చిన్నాయన అయితే ఆమె కంటపడటానికే భయపడి ఆ రాత్రే ఆదోనికి వెళ్ళిపోయాడు.

మామ తిరిగి వచ్చేదాకా అత్త అట్లాగే ఉంది. వాళ్ళు కూర్చోబెట్టిన మూలనే కూర్చుంది, అక్కడే తింది, అక్కడే పడుకుంది. నన్ను తన దగ్గరే ఉంచుకుంది. ఇంట్లో గాజుల చప్పుడు లేదు. ఆమె పక్కనే పడుకుని కూడా, నిద్రలో మెలకువ వచ్చినప్పుడు ఆమె ఉందో లేదో తెలియక చేత్తో తడుముకునేదాన్ని. ఎందుకత్తా ఇట్లా అని అడిగాను ఒకసారి. చెప్తే నీకు తెలియదులే, చూస్తే ఆయనకు తెలుస్తుంది అంది. నాకు భయం వేసింది. ఈమె నాకు తెలిసిన అత్త కాదు.

మామ కారులో వచ్చాడు, సగమైపోయి, నాన్న భుజం పట్టుకుని. గుమ్మంలో హారతి పళ్ళెంతో వాళ్ళమ్మ నిలబడింది. మామ కళ్ళు అందర్నీ దాటుకుని అత్త కోసం వెతికాయి. ఆమె లోపలి గడప దగ్గర ఉంది. ఆయన చూశాడు. జరిగింది ఆయనకు ఎవరూ చెప్పలేదు, కుట్లు పచ్చిగా ఉన్నాయని దాచిపెట్టారు.

"ఎవరు పోయినారు?" అన్నాడు.

"మీరే," అంది అత్త. "మీరు పోతే ఈ ఇంట్లో నేను ఎట్లుంటానో చూస్తారని ఇట్లే ఉన్నాను."

మామ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. డాక్టరు ఏడవొద్దు, కుట్లు తెగుతాయని చెప్పినా, కడుపు చేత్తో పట్టుకుని ఏడ్చాడు. మగవాళ్ళు అట్లా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రమే శెట్టిని పిలిపించి, తానే గాజులు తొడిగాడు. చేతకాక కొన్ని పగలగొట్టాడు. అత్త చెయ్యి చాపి ఓపిగ్గా కూర్చుంది. తాళంచెవులు కూడా తానే ఇచ్చాడు. వాళ్ళమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కోడలి మీద గొంతు ఎత్తలేదు. ఆమె మీద నాకు కోపం చాలాకాలం ఉండేది. చేతుల నిండా గాజులు వేసుకునే వయసులో ఆమె గాజులు కూడా ఎవరో అట్లాగే రోటి మీద కొట్టి ఉంటారని నాకు తోచేసరికి నాకు పెళ్ళి కూడా అయిపోయింది.

చిన్నాయన మా పాఠాలు మానేశాడు. ఫోను మోగితే ఇంకెవరినైనా ఎత్తమనేవాడు.

మామ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఆయన నిజంగా పోయినప్పుడు ఫోనూ లేదు, ఇంగ్లీషూ లేదు. అత్త ఒళ్ళో తల పెట్టుకుని, తెలుగులో నీళ్ళు అడిగి పోయాడు. నేను పిల్లలతో వెళ్ళాను. అత్త ఈసారి ఏడ్చింది, అందరికన్నా ఎక్కువగా ఏడ్చింది. పదో రోజున మంగళసూత్రం తానే తీసి ఇచ్చింది, ఎవరూ అడగకముందే. అప్పుడు ఆడవాళ్ళు పీట వేసి, గాజులకని ఆమె చేతులు పట్టుకోబోయారు. అత్త చేతులు వెనక్కి తీసుకుంది.

"ఈ చేతులకు ఒకసారి చేసినారు," అంది. "ఒక మొగునికి రెండుసార్లు చేసేది యాడుంది?"

అట్లాంటి మాట ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. పురోహితుడు గొంతు సవరించుకుని ఏదో శాస్త్రం చెప్పబోయాడు. అత్త ఆయన వైపు చూడలేదు. తలుపు పక్కన కర్ర ఆనుకుని నిలబడిన చిన్నాయన వైపు చూసింది. ఆయనకు అప్పటికి జుట్టంతా తెల్లబడింది.

"ఏమప్పా," అంది. "చదువుకున్నోడివి, నువ్వు చెప్పు వీళ్ళకు. ఆ పొద్దే ఓవర్ అయిపోలేదా?"

చిన్నాయన తల ఎత్తాడు. కళ్ళు నిండి ఉన్నాయి. అయిపోయిందక్కా, ఆ పొద్దే అయిపోయింది అన్నాడు. అని కర్ర పక్కన పెట్టి, వెళ్ళి ఆమెకూ ఆ ఆడవాళ్ళకూ మధ్య నిలబడ్డాడు. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, పీట తీసేసి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు ఆ తర్వాత ఆమెను పేరంటాలకు పిలవలేదు. ఆమె వాళ్ళను అడగలేదు. బతికినన్నాళ్ళూ పచ్చగాజులు వేసుకుంది, చివరికి మేము ఆమెను ఆ గాజులతోనే సాగనంపాము.